పిల్లాడు చదవలేకపోతున్నాడా? ఎక్కడ ఆగుతున్నాడో మీరే కనిపెట్టండి

"వీడికి చదవడం రావట్లేదండీ" అని ఎవరైనా అంటే నేను ముందు అడిగేది ఒకటే, ఏం రావట్లేదు? అక్షరాలే గుర్తుపట్టట్లేదా? అక్షరాలు వచ్చి ఒత్తు దగ్గర తడబడుతున్నాడా? అన్నీ తప్పుల్లేకుండా చదువుతూనే ఒక్క పేజీకి అరగంట తీసుకుంటున్నాడా? లేకపోతే గడగడా చదివేసి, "ఇప్పుడు చదివినదాంట్లో ఏముంది?" అంటే బిక్కమొహం వేస్తున్నాడా? ఈ నాలుగూ నాలుగు వేరే సమస్యలు. కానీ చాలామంది పెద్దవాళ్ళ దగ్గర నాలుగింటికీ ఒకటే మందు ఉంటుంది, "ఇంకో పదిసార్లు చదువు".

ఇది తెలుగు చదవడం నేర్చుకుంటున్న ఆరు నుంచి పదేళ్ళ లోపు పిల్లల కోసం రాస్తున్నాను, పాపైనా బాబైనా పద్ధతి ఒకటే. డిస్లెక్సియా (తెలివి ఉన్నా చదవడం మాత్రం బాగా కష్టమయ్యే ఇబ్బంది) ఉందా లేదా అని తేల్చడం ఇంట్లో అయ్యే పని కాదు, దానికి శిక్షణ ఉన్నవాళ్ళు కావాలి. ఎక్కడ ఆగుతున్నాడు అన్నది మాత్రం ఒక నోట్‌బుక్కు, ఫోన్లో రికార్డరు ఉంటే ఎవరైనా చూడొచ్చు. భాషాశాస్త్రం చదివినవాళ్ళు చేసేది కూడా మొదట్లో ఇదే, పిల్లాడు ఏం తప్పు చేశాడో దిద్దకుండా రాసుకోవడం.

దిద్దకుండా అన్నమాట గట్టిగా పట్టుకోండి. మనవాళ్ళకి అన్నిటికంటే కష్టం ఇదే. పిల్లాడు ఒక అక్షరం తప్పు పలికేలోపే మన నోట్లోంచి సరైనది ఊడిపడుతుంది, దాంతో వాడు పేజీ వదిలేసి మన మొహం చూడటం మొదలుపెడతాడు. ఇక మనకి తెలిసేది ఏమీ ఉండదు.

ముందు చూసుకోవాల్సినవి

కళ్ళు, చెవులు పరీక్ష చేయించండి. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది కానీ తరచూ జలుబు చేసి చెవిలో నీరు చేరే పిల్లలకి కొన్నాళ్ళు మాటలు సరిగ్గా వినపడవు, త-ద, ప-బ లాంటి దగ్గరి ధ్వనుల తేడా పట్టుకోవడం అలాంటప్పుడే కష్టమవుతుంది. అవి రెండూ బాగున్నాయని తేలాకే మిగతావి.

రెండోది, ఇంట్లో ఏ భాష, బడిలో ఏ భాష, ఏ భాషలో మొదట అక్షరాలు నేర్పారు, ఎన్నాళ్ళు బడి పోయింది, ఇవి ఒక కాగితం మీద రాసి పెట్టండి. తర్వాత ఎవరి దగ్గరికి వెళ్ళినా ముందు అడగాల్సినవి ఇవే. అడగకుండా నేరుగా పరీక్ష పెట్టేవాళ్ళని నేనైతే అంతగా నమ్మను.

వినడం, చదవడం పక్కపక్కన పెట్టి చూడండి

ఒకే స్థాయి కథలు రెండు తీసుకోండి, ఒక్కోటి ఎనిమిది పది వాక్యాలు చాలు, పిల్లాడు ముందెప్పుడూ చూడనివి అయ్యుండాలి. మొదటిది మీరు మామూలుగా చదివి వినిపించండి, అయిదు ప్రశ్నలు అడగండి. ఇంకో రోజు రెండోది వాడినే చదవమని, అలాంటివే అయిదు ప్రశ్నలు అడగండి. ప్రశ్నల్లో రెండైనా "ఎందుకు" అనేవి ఉండాలి. "రాము ఎక్కడికి వెళ్ళాడు" అన్నదానికి జవాబు అర్థం కాకపోయినా వాక్యంలోంచి ఏరుకుని చెప్పేయొచ్చు.

దీని వెనక ఉన్న ఆలోచన 1986లో ఫిలిప్ గఫ్, విలియం టన్మర్ అనే ఇద్దరు ప్రతిపాదించారు. చదివి అర్థం చేసుకోవడం అంటే అక్షరాన్ని మాటగా మార్చగలగడం ఒకటి, ఆ భాష విని అర్థం చేసుకోగలగడం ఇంకొకటి, ఈ రెండిటి గుణకారం అన్నారు. కూడిక కాదు, గుణకారం. అంటే ఒకటి సున్నా అయితే రెండోది ఎంత బాగున్నా ఫలితం సున్నానే.

మీరు చదివితే అన్నీ టకటకా చెప్పి, తనే చదివితే చెప్పలేకపోయాడా? సమస్య అక్షరాల దగ్గర, భాష బాగానే ఉంది. రెండుసార్లూ చెప్పలేకపోయాడా, కానీ చదవడం మాత్రం తప్పుల్లేకుండా చదివాడా? అప్పుడు సమస్య మాటలు తెలియడం దగ్గర, వాక్యం పట్టుకోవడం దగ్గర. ఈ రెండో రకం పిల్లలు తెలుగులో చాలా తేలిగ్గా కళ్ళు కప్పుతారు. మన లిపిలో రాసింది రాసినట్టే పలుకుతాం కాబట్టి, అక్షరాలు వచ్చినవాడు అర్థం తెలియని పాఠమైనా గడగడా చదివేయగలడు. చదివింది విని ఇంట్లోవాళ్ళు మురిసిపోతారు, క్లాసులో ముందు వరసలో నిలబెట్టి చదివిస్తారు, సైన్సు, సాంఘికశాస్త్రం మొదలయ్యాక మార్కులు ఎందుకు పడిపోయాయో ఎవరికీ అర్థం కాదు.

ఒక్క వాక్యం, దగ్గరగా

పిల్లాడు చదివేటప్పుడు రికార్డు చేసి, తర్వాత తీరిగ్గా వింటూ అన్నది అన్నట్టే రాసుకోండి. ఉదాహరణకి పుస్తకంలో ఇలా ఉంది:

రాజు కొత్త చెప్పులు వేసుకుని తోటలోకి వెళ్ళాడు.

పిల్లాడు ఇలా చదివాడు అనుకోండి:

రాజు కొ... కొత చెపులు వేసుకొని తోటకి వెళ్ళాడు.

మామూలుగా లెక్కపెడితే నాలుగు తప్పులు. నిజానికి వీటిలో పట్టించుకోవాల్సినవి రెండే. "వేసుకుని" బదులు "వేసుకొని" అన్నది అసలు తప్పే కాదు, రెండూ వాడుకలో ఉన్న రూపాలే, తన నోటికి అలవాటైనది అన్నాడు. "తోటలోకి" బదులు "తోటకి" అనడంలో వాక్యం చెడలేదు, అంటే వాడు అర్థం చేసుకుంటూనే చదువుతున్నాడు, ఇది మంచి సూచన. మిగిలినవి "కొత", "చెపులు". రెండిట్లోనూ పోయింది ఒత్తే. మరి "వెళ్ళాడు"లో కూడా ఒత్తు ఉంది కదా, అది ఎలా చదివాడు? బహుశా చదవలేదు. తోట దాకా వచ్చాక తర్వాతి మాట ఏదో వాడికి తెలుసు, ఊహించాడు. అనుమానం తీరాలంటే "వెళ్ళాడు", "కొత్త", "చెప్పులు" విడివిడిగా మూడు చీటీల మీద రాసి చూపించండి. వాక్యం ఆసరా లేకుండా "వెళాడు" అన్నాడంటే మీ అనుమానం నిజమే.

యాసని తప్పుల్లో కలిపేయకండి. "వెళ్ళాడు" అని ఉన్నచోట ఇంట్లో అలవాటు ప్రకారం "పోయిండు" అని చదివిన పిల్లాడు, చదివి, అర్థం చేసుకుని, తన భాషలో చెప్పాడు. అది చదవడం రాకపోవడం ఎలా అవుతుంది? అలాగే "శ"ని "స"లా, "ణ"ని "న"లా పలికితే ముందు ఇంట్లో పెద్దలు ఎలా పలుకుతారో వినండి. వాళ్ళూ అలాగే అంటే పిల్లాడిది చదవడంలో లోపం కాదు. రెండక్షరాలూ పక్కపక్కన రాసి "ఇవి ఒకటేనా, వేరా?" అని అడిగితే సరిపోతుంది.

ఇంకో సంగతి. ఒకసారి చేసిన తప్పుకీ మళ్ళీ మళ్ళీ చేసే తప్పుకీ తేడా ఉంది. 1967లో పిట్ కార్డర్ అనే భాషాశాస్త్రవేత్త ఈ తేడా గురించే రాశాడు, నోరు జారడం వేరు, నేర్చుకునేవాడి బుర్రలో ఉన్న సూత్రమే వేరుగా ఉండటం వేరు అని. ఆయన రాసింది రెండో భాష నేర్చుకునేవాళ్ళ గురించే అయినా ఇక్కడా పనికొస్తుంది. వేరే రోజు, వేరే కథలో అదే రకం తప్పు మళ్ళీ వస్తేనే నోట్‌బుక్కులో దాని కింద గీత గీయండి.

మన లిపిలో ఎక్కడ తడబడతారు

ఇంగ్లీషు పిల్లల కోసం రాసిన చెక్‌లిస్టులు నెట్‌లో బోలెడు దొరుకుతాయి, "బి"ని "డి" అంటాడా, అద్దంలో చూసినట్టు రాస్తాడా అని. తెలుగు చదివే పిల్లాడికి అవి పెద్దగా పనికిరావు. మన దగ్గర కష్టం వేరేచోట ఉంది.

దాదాపు 35 హల్లులు, ఒక్కోదానికి పన్నెండు గుణింత రూపాలు వేసుకున్నా నాలుగు వందలు దాటతాయి, ఒత్తులు ఇంకా లెక్కలోకి రాలేదు. మన లిపికి దగ్గరి చుట్టమైన కన్నడ లిపి మీద సోనాలీ నాగ్ 2007లో ప్రచురించిన పరిశోధనలో తేలింది కూడా ఇదే, ఇంగ్లీషులో అక్షరాలు వచ్చినంత వేగంగా ఇక్కడ రావు, మాటని విడి ధ్వనులుగా విడదీయగలగడం కూడా నెమ్మదిగానే వస్తుంది. కాబట్టి రెండో తరగతిలో అన్ని ఒత్తులూ రాలేదని టెన్షన్ పడి ఎక్కడెక్కడికో పరుగెత్తకండి.

పరీక్షించేటప్పుడు అక్షరమాల వరసలో ఎప్పుడూ అడగొద్దు. క, ఖ, గ అని పాటలా అప్పచెప్పే పిల్లాడికి నడిమధ్యలో "ఘ" ఒక్కటే చూపిస్తే మొదటినుంచి పాడుకుంటూ వస్తాడు. చీటీలు కలిపేసి అడగండి. దగ్గరి పోలికలున్నవి జంటలుగా పెట్టండి: ప-ష, ఘ-ఝ, ద-ధ-థ, బ-భ, మ-య. గుణింతాల్లో కె-కే, కొ-కో, కి-కీ తేడాలు.

ఆ తర్వాత ఒత్తు, గుడి కలిసి వచ్చేచోట చూడండి, ఇది నాకు చాలా ఇష్టమైన పరీక్ష. "ఆస్తి" అన్న మాట చూడండి. గుడి "స" మీద ఉంది, "త" ఒత్తు కింద ఉంది. పలకడంలో మాత్రం ఆ "ఇ" వచ్చేది "త" తర్వాత. కళ్ళకి కనిపించే వరస ఒకటి, నోటితో పలికే వరస ఇంకొకటి. పిల్లాడు "ఆసిత" అన్నాడంటే వాడేదో అడ్డదిడ్డంగా చదివాడని కాదు, కనిపించింది కనిపించినట్టు పద్ధతిగానే చదివాడు. "కుర్చీ"ని "కురీచ" అనడం కూడా అదే బాపతు. ఈ తప్పుకి పదిసార్లు రాయించడం దండగ, పైన ఉన్న గుర్తు కింద ఉన్న ఒత్తుకి చెందుతుందని ఒకసారి వేలు పెట్టి చూపించి, అలాంటి మాటలు ఓ పది వరసగా చదివిస్తే పట్టేస్తారు చాలామంది. ఆ తర్వాత కూడా నెలలపాటు అదే తప్పు వస్తుంటే అప్పుడు అది రాసుకోవాల్సిన విషయం.

లేని మాటలు చదివించండి

బాగా తెలిసిన మాటని పిల్లాడు చదివాడా, బొమ్మ గుర్తుపట్టినట్టు గుర్తుపట్టాడా అని తెలియాలంటే అసలు లేని మాటలు ఇవ్వాలి. కేటిమ, లుగాసి, బొల్చిక, మెత్రిగ, డస్తుమ, ఇలాంటివి. తెలుగు మాటలాగే వినపడాలి, అర్థం ఉండకూడదు, చివర అచ్చు ఉండాలి. ముందే చెప్పండి, "ఇవి ఉత్తుత్తి మాటలు, అర్థం వెతకొద్దు" అని. చెప్పకపోతే మంచి పిల్లలు అర్థం ఉన్న మాటగా మార్చి చదివేస్తారు.

తెలిసిన మాటలు బాగా చదివి ఇక్కడ మాత్రం చతికిలపడితే, ఇంతకాలం జ్ఞాపకం మీద నెట్టుకొస్తున్నాడన్నమాట. పై తరగతుల్లో కొత్త మాటలు ఎక్కువయ్యేకొద్దీ అది సరిపోదు.

వేగం

గడియారం పెట్టి ఒక్క నిమిషం చదివించండి, సరిగ్గా చదివిన మాటలు లెక్కపెట్టండి. ఆ అంకెని పక్కింటి పిల్లాడితో పోల్చకండి, రెండు నెలల తర్వాత అదే పిల్లాడి అంకెతో పోల్చండి.

వేగం ఎందుకు ముఖ్యమో చెప్తాను. 2003లో సీమోర్ అనే పరిశోధకుడు, ఆయన సహచరులు యూరప్‌లో 13 భాషల పిల్లల్ని పోల్చి చూస్తే, మొదటి తరగతి అయ్యేసరికి ఫిన్నిష్, గ్రీక్, జర్మన్ పిల్లలు తెలిసిన మాటల్లో 95 శాతం పైగా సరిగ్గా చదివారు, ఇంగ్లీషు పిల్లలు 34 శాతం దగ్గర ఉన్నారు. పిల్లల తెలివిలో తేడా కాదు, ఇంగ్లీషు స్పెల్లింగ్ అలాంటిది. దీనికి ఇంకో వైపు ఉంది. రాసినట్టే పలికే లిపుల్లో చదవడం కష్టమయ్యే పిల్లలు కూడా తప్పులు తక్కువే చేస్తారు, కానీ నెమ్మదిగా, ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ చదువుతారు. తెలుగులో కూడా అందుకే, "తప్పుల్లేవు కదా, బాగానే చదువుతున్నాడు" అని వదిలేస్తే అసలు ఇబ్బంది పడుతున్నవాడు చేతికి దొరకడు. పేజీ చదివేసరికి అలసిపోతున్నాడా, వాక్యం చివరికి వచ్చేసరికి మొదలు మర్చిపోతున్నాడా, వేలు తీస్తే చోటు తప్పిపోతున్నాడా, వీటి మీద కూడా కన్నేసి ఉంచండి.

చప్పుళ్ళ ఆటలు కూడా ఒకటి రెండు ఆడించండి. "చిలకలో చి తీసేస్తే ఏం మిగులుతుంది?", "పలక తిరగేసి చెప్పు" (కలప అని ఠక్కున అంటే ఊహ కావచ్చు, అర్థం రాని మాట ఇంకోటి అడగండి). అక్షరం స్థాయిలో ఇవి చేయలేకపోతే రాసుకోండి. "కత్తిలో క్ తీసేసి చెప్పు" లాంటివి మాత్రం అడగకండి, అక్షరాన్ని హల్లుగా అచ్చుగా విడదీయడం ఈ లిపితో పెరిగిన పెద్దవాళ్ళకే తికమకగా ఉంటుంది.

క్లాసులో ముప్పై మంది ఉన్న టీచర్లకి ఇదంతా కుదరదు, నిజమే. వాళ్ళకి ప్రథమ్ అనే స్వచ్ఛంద సంస్థ 2005లో మొదలుపెట్టిన అసర్ అనే పిల్లల చదువుల సర్వేలో వాడే పద్ధతి బాగుంటుంది. ఒక్కో పిల్లాడిని విడిగా కూర్చోబెట్టి మొదటి తరగతి స్థాయి పేరా ఇస్తారు. చదివితే పైకి, రెండో తరగతి స్థాయి కథకి వెళ్తారు. లేకపోతే కిందికి, విడి మాటలకి దిగుతారు, అయిదింట్లో నాలుగు చదివితే మాటలు వచ్చినట్టు, లేకపోతే అక్షరాలు. ఒక్కొక్కరికీ కొద్ది నిమిషాలు. ఎవరిని దగ్గర కూర్చోబెట్టుకోవాలో తేలిపోతుంది, మిగతా పరీక్షలు వాళ్ళకి చేస్తే చాలు.

రెండు భాషలుంటే

ఇంట్లో తెలుగు, బడిలో ఇంగ్లీషు అయితే రెండిట్లోనూ చూడాలి. ఇంగ్లీషులోనే ఇబ్బంది ఉండి తెలుగు వినడం, చదవడం సాఫీగా ఉంటే ముందు అనుమానించాల్సింది ఇంగ్లీషు ఎంత వినపడుతోంది అన్నదాన్నే. ఇంకో చిక్కు, ఆటస్థలంలో ఇంగ్లీషు దంచేస్తున్నాడు కాబట్టి భాష వచ్చేసిందనుకుంటాం. రెండు భాషల పిల్లల మీద పనిచేసిన పరిశోధకుడు జిమ్ కమిన్స్ 1979 నుంచీ చెప్తూ వచ్చింది ఇదే, కబుర్లకి సరిపోయే భాష రెండేళ్ళలో వచ్చినా పాఠాలకి సరిపోయే భాషకి అయిదు నుంచి ఏడేళ్ళు పట్టొచ్చు. అందుకని ఇంట్లో తెలుగు మానేయడం మాత్రం పనికిమాలిన సలహా, ఎవరిచ్చినా సరే. అర్థం చేసుకునే శక్తి పెరగాల్సింది వచ్చిన భాషలోనే.

ఇక ఏం చేయాలి

అక్షరాల దగ్గర ఆగితే తప్పు వచ్చిన రకాన్నే పట్టుకోండి. ఒత్తులు పోతుంటే గడి-గడ్డి, గుడి-గుడ్డి, అటు-అట్టు లాంటి జంటలు చీటీల మీద రాసి, మీరొకటి పలికితే వాడు ఆ చీటీ తీయాలి, తర్వాత వాడు పలికితే మీరు తీయాలి, అప్పుడప్పుడు కావాలని తప్పు చీటీ తీయండి, పట్టుకున్నప్పుడు వాళ్ళ ఆనందం చూడాలి. రోజుకి పావుగంట మించొద్దు.

వేగం సమస్య అయితే అరవై డెబ్భై మాటల చిన్న పేరా తీసుకుని అదే మూడు నాలుగుసార్లు చదివించండి, ప్రతిసారీ టైం రాస్తూ. 1979లో జే శామ్యూల్స్ అనే పరిశోధకుడు దీని గురించి రాసినప్పటి నుంచి చాలాచోట్ల వాడుతున్న పద్ధతి ఇది. మొదట్లో నేను తిట్టిన "ఇంకో పదిసార్లు చదువు"కీ దీనికీ తేడా ఉంది, ఇక్కడ పేరా చిన్నది, మొదటిసారి మీరూ వాడితో పాటు పైకి చదువుతారు, టైం తగ్గుతున్నది వాడి కళ్ళకి కనిపిస్తుంది.

అర్థం దగ్గర ఆగేవాడికి చదివించడం కంటే చదివి వినిపించడం ఎక్కువ అవసరం. వాడు చదవగలిగే స్థాయి కంటే ఒక మెట్టు పైన ఉన్న కథలు మీరు చదవండి, మధ్యలో ఆపి మాట్లాడుకోండి. "తర్వాత ఏమవుతుందంటావు?", "వాడలా ఎందుకు చేశాడు?" వంటివి.

రంగు కళ్ళద్దాలు, కంటి వ్యాయామాలతో చదవడం వచ్చేస్తుందని అమ్మేవాళ్ళ జోలికి పోకండి. వాటికి శాస్త్రీయ ఆధారం లేదని అమెరికా పిల్లల వైద్యుల అకాడమీ, కంటి వైద్య సంఘాలు కలిసి 2009లోనే ప్రకటించాయి. తెలివితక్కువ అన్న మాట కూడా ఇంట్లో వినపడకూడదు. 1896లో ప్రింగిల్ మోర్గన్ అనే బ్రిటిష్ డాక్టరు చదవలేని 14 ఏళ్ళ కుర్రాడి గురించి రాస్తూ, పాఠాలన్నీ నోటితోనే చెప్తే బడిలో అందరికంటే చురుకైనవాడు వీడే అయ్యేవాడని వాళ్ళ టీచరు అన్నట్టు నమోదు చేశాడు.

ఇలా తప్పు చూసి నేర్పుతూ ఆరు నెలలు గడిచినా కదలిక లేకపోతే నిపుణుల దగ్గరికి వెళ్ళండి. అమెరికా మానసిక వైద్యుల సంఘం 2013లో తెచ్చిన డీఎస్ఎం-5 అనే రోగనిర్ధారణ పుస్తకంలో కూడా, సాయం చేసినా కనీసం ఆరు నెలలు ఇబ్బంది కొనసాగాలన్నది ఒక షరతు. కుటుంబంలో ఇంకెవరికైనా ఇలాగే ఉండేదంటే, లేదా మాటలే ఆలస్యంగా వచ్చుంటే అంత ఆగక్కర్లేదు, ఇలాంటివి కుటుంబాల్లో నడుస్తాయి.

వెళ్ళేటప్పుడు నోట్‌బుక్కు, మొదటి రికార్డింగు, ఆఖరి రికార్డింగు, భాషల కాగితం పట్టుకెళ్ళండి. పరీక్ష ఏ భాషలో పెడతారో అడగండి. దాని మార్కులు ఏ పిల్లలతో పోల్చి లెక్కేస్తారో అడగండి, ఇంగ్లీషే ఇంటి భాష అయిన పిల్లల కోసం తయారుచేసిన కొలతతో తెలుగింటి పిల్లాడిని కొలిస్తే వచ్చే అంకె వాడి చదువు గురించి చెప్పేది తక్కువ. రిపోర్టులో ఒక్క పేరు రాసి వదిలేయకుండా అక్షరాలు, లేని మాటలు, వేగం, విని అర్థం చేసుకోవడం విడివిడిగా రాయమని కోరండి. వీటిలో ఏదైనా పరీక్షించకపోతే ఎందుకు పరీక్షించలేదో కూడా రాయమనండి.